ఆయన పక్కన ఖాళీ చోటు

ఏలూరులో బస్సెక్కి, బస్సు ఆగిపోయే చోట దిగి ఆటో ఎక్కి, రోడ్డు నీళ్లలోకి దిగిపోయే చోట ఆటో కూడా వదిలేసి పడవ ఎక్కితే ఆ ఊరు వస్తుంది. ఎండాకాలంలో అయితే ఆటో ఊళ్లోకే వెళ్తుంది. నేను వెళ్లింది నవంబరు మొదట్లో. ఆ ఏడు వానలు ఆలస్యంగా మొదలై, మొదలయ్యాక ఆగలేదు. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీళ్లన్నీ కొల్లేట్లో చేరి, సముద్రం వైపు పోవలసినంత వేగంగా పోక, ఊళ్ల చుట్టూ నిలబడిపోయాయి.

అప్పటికి నేను ఏలూరులో ఒక దినపత్రికకు చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కొల్లేటి మీద రాసిన వార్తలకు లెక్క లేదు. పక్షులు వచ్చాయని రాశాను, రాలేదని రాశాను. సరస్సులో తవ్విన చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించినప్పుడు పొక్లెయిన్ల వెనకాల తిరిగి రాశాను. అన్నీ పొద్దున్న వెళ్లి, సాయంత్రం ఎడిషన్ వేళకు తిరిగొచ్చి రాసినవే. ఆ ఊళ్లలో ఒక్క పూట కూడా నిలవలేదు. ఒక శీతాకాలం ఫొటోగ్రాఫర్‌తో కలిసి పక్షుల కోసం వెళ్లినప్పుడు మమ్మల్ని తిప్పిన పడవాయన, దిగేటప్పుడు నాతో అన్నాడు.

"ఎప్పుడొచ్చినా కంగారుగా వస్తారండీ మీరు. పని లేనప్పుడు రండి ఓసారి. చేపల పులుసు తిని, ఓ పూట పడుకుని వెళ్దురుగాని."

ఆ మాట గుర్తు పెట్టుకుని, సెలవు పెట్టి వెళ్లాను. నోటుపుస్తకం కూడా తీసుకెళ్లలేదు.

పడవాయనకు యాభై దాటి ఉంటాయి. గెడ వేసి నెడుతూ, నీళ్ల మీద తేలే గుర్రపుడెక్కను మధ్యమధ్యలో ఆ గెడతోనే పక్కకు తోస్తూ తీసుకెళ్లాడు. డెక్క ఊదారంగు పూలు పూసి ఉంది. దూరం నుంచి చూస్తే ఎవరో కావాలని వేసిన తోటలా కనిపిస్తోంది.

"చూడ్డానికి బాగుంటదండీ. గాలి తిరిగిందంటే మాత్రం రేపు మీరు ఇంటికెళ్లలేరు," అన్నాడు.

నేను నవ్వాను.

"నవ్వుతారేంటండీ. పోయినేడు మా ఊరి పెళ్లివారు అవతలి ఊరెళ్లారు. డెక్క అడ్డం పడిపోయి ముహూర్తం దాటిపోయాక చేరారు. పెళ్లికొడుకు కూడా వాళ్ల పడవలోనే ఉన్నాడు. లేకపోతే వీళ్లు లేకుండానే పెళ్లయిపోను."

ఊరు ఒక ఎత్తయిన మట్టి దిబ్బ మీద పొడుగ్గా సాగి ఉంది. మధ్యలో ఒకే వీధి, రెండు వైపులా ఇళ్లు, ఇళ్ల వెనకాల నీళ్లు. ఎండలో వలలు ఆరేసి ఉన్నాయి. తెల్లవారుజామున సరస్సులోకి వెళ్లొచ్చిన మగవాళ్లు నిద్రపోతున్నారు. ఇళ్ల నీడన ఆడవాళ్లు చేపలు తోముతుంటే కాకులు, బాతులు వాళ్ల చుట్టూ మూగి ఉన్నాయి. ఎవరింట్లోనో టీవీ మోగుతోంది. వీధి చివర చర్చి, దాని శిఖరం మీద సిలువ, గుమ్మం ముందు ఒక పొడుగాటి తాడిచెట్టు. ఊరంతటికీ ఎత్తయినవి ఆ రెండే.

పడవాయన ఇంటి అరుగు మీద వాళ్లమ్మ కూర్చుని, ప్లాస్టిక్ బకెట్టులో సున్నం కలుపుతోంది. సన్నగా, పొట్టిగా ఉంది. నన్ను తలెత్తి చూసి, చెయ్యి ఆపకుండానే అడిగింది.

"ఈయనేనా పేపరాయన? ఏం బాబూ, మేమేం తప్పు చేశామని వచ్చారు?"

"తప్పేం లేదు మామ్మగారూ. ఊరికే చూసి పోదామని."

"పేపరోళ్లలో ఊరికే చూసేవాళ్లు కూడా ఉన్నారా! అయితే కూర్చోండి. చూడండి. నీళ్లున్నాయి, మేమున్నాం. అంతకు మించి ఏం లేదు."

లోపలి నుంచి కోడలు మంచినీళ్లు తెచ్చిస్తూ, "ఆ సున్నం ఎక్కడ వేస్తారు అత్తయ్యా, నీళ్ల మీదా?" అంది.

"నీ నోట్లో వేస్తాను. ఊరుకో."

కోడలు నా వైపు చూసి నవ్వి లోపలికి వెళ్లిపోయింది. ఆ సున్నం సంగతి కాసేపటికి నాకు తెలిసింది. ఆ రోజు సమాధుల పండుగ. మన వైపు క్రైస్తవ కుటుంబాలు ఏటా నవంబరు రెండో తేదీన తమవాళ్ల సమాధులు బాగుచేసి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, పొద్దు వాలాక కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో ఆ సాయంత్రం సమాధుల తోటల ముందు నిలబడటానికి చోటుండదు. కానీ ఈ ఊరి సమాధుల తోట, చర్చి వెనకాల పల్లంలో ఉంది. ఆ పల్లం ఇప్పుడు కనపడటం లేదు. సిలువ కొసలైనా కనపడటం లేదు. నీళ్ల మీద గుర్రపుడెక్క పరుచుకుని, అక్కడ ఏమీ లేదన్నట్టు పూలు పూసి ఉంది.

పాస్టరు గారు ముందురోజే చెప్పేశారట, ఈ ఏడు ఎవరూ నీళ్లలోకి వెళ్లొద్దు, అందరూ చర్చి మెట్ల మీదే కొవ్వొత్తులు పెట్టుకోండి, అందరి పేరునా ప్రార్థన చేస్తాను అని. ఊరంతా సరేనంది. మామ్మ అనలేదు.

కారణం కొవ్వొత్తి ఒక్కటే కాదు. అది ఆవిడే చెప్పింది, సున్నం కలుపుతూ, కూరగాయల సంగతి చెప్పినంత మామూలుగా. ఆవిడ భర్త కొన్నేళ్ల కిందట పోయాడు. ఆ తోట చిన్నది. ఒకరి తర్వాత ఒకరు పోయిన వరసలోనే పెట్టుకుంటూ పోతారు, భార్యాభర్తలని చూడరు. పక్కన చోటు కావాలనుకున్నవాళ్లు, ఆ చోటుకి నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పాతుకోవాలి. ఏటా పండుగనాడు ఆ ఇటుకలు సరిచేసి సున్నం వెయ్యాలి. సున్నం తెల్లగా ఉన్నన్నాళ్లూ ఆ చోటు జోలికి ఎవరూ రారు. ఎక్కడా రాసి ఉండదు, కానీ ఎవరూ తప్పరు. ఒక ఏడు సున్నం పడలేదంటే, ఆ మనిషి చోటు వద్దనుకున్నట్టే.

"మా ఆయన పక్కన ఎడం వైపు నాది. కుడి వైపు మా తోడికోడలు ముందే వెళ్లి పడుకుంది. ఉన్నది ఆ ఒక్క చోటే," అంది మామ్మ.

"నీళ్లు దిగాక వేసుకోవచ్చు కదండీ," అన్నాను.

"రేపు నన్ను పంపించేస్తున్నారు బాబూ."

పంపిస్తున్నది కామవరపుకోటకి, కూతురింటికి. ఇంటి వెనక గోడ నీళ్లు పీల్చి తడిసిపోయింది. ఆవిడకి దగ్గు తగ్గడం లేదు. మెట్ట మీద ఆరిన నేలలో కొన్నాళ్లుంటే తగ్గుతుందని డాక్టరు అన్నాడు. మర్నాడు నేను తిరిగి వెళ్లేటప్పుడు ఆవిడను ఏలూరు దాకా నాతో తీసుకెళ్లాలని, బస్టాండులో కూతురు కలుస్తుందని పడవాయన పడవలోనే నన్ను అడిగాడు. నేను సరేనన్నాను.

"వెళ్తే మళ్లీ ఎప్పుడు వస్తానో. పడవలో కూర్చుని వస్తానో, పడుకుని వస్తానో. పడుకుని వచ్చేదాన్ని ఏం చూసుకోగలను? ఇవాళే చూసుకోవాలి," అంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కోడలు వండిన కొర్రమీను పులుసు గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. నేను అరుగు మీద కాస్త నడుం వాల్చేసరికి చర్చి సంఘ పెద్ద వచ్చాడు. మామ్మ భర్తకి చిన్నాన్న కొడుకు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. వస్తూనే మొదలుపెట్టాడు.

"వదినా, నీళ్లొచ్చిన సంగతి దేవుడికి తెలీదా? గుళ్లోనే వెలిగించుకో. అక్కడ పెట్టినా ఆయనకే చేరుతుంది."

"దేవుడికి తెలుసు మరిదీ. మీ అన్నకే తెలీదు. ఇదేంటి, ఈ ఏడు ఇది రాలేదు అనుకోడూ?"

"అన్నయ్య ఉన్నప్పుడు మాత్రం నువ్వు ఆయన మాట విన్నావా ఎప్పుడైనా? ఇప్పుడు ఏమనుకుంటే ఏం?"

"అప్పుడు వినలేదు కాబట్టే కదా ఇప్పుడు ఇంత పని."

పక్కింటావిడ దడి మీదుగా తొంగి చూసింది. వాళ్లది హిందువుల ఇల్లు. కార్తీకమాసం నడుస్తోంది. ఆ తెల్లవారుజామునే ఇంటి వెనకాల నీళ్లలో దీపాలు వదిలారు. "పిన్నీ, అంత ఇదిగా ఉంటే మా ఇంట్లో అరటి డొప్పలున్నాయి. డొప్పలో కొవ్వొత్తి పెట్టి వదిలెయ్. నీళ్లే తీసుకెళ్తాయి," అంది, నిజంగా సాయం చేద్దామనే.

మామ్మ కాసేపు ఆలోచించినట్టే కనిపించింది. "వద్దులేవే. అది గాలికి కొట్టుకుపోయి ఏ ఆడదాని సమాధి దగ్గరో ఆగిందనుకో. ఇక ఆయన్ని పట్టలేం."

అందరూ నవ్వారు. సంఘ పెద్ద కూడా నవ్వాడు. నవ్వు తగ్గాక మామ్మ లేచి, సున్నం బకెట్టు మీద గుడ్డ కట్టి, "పడవ తియ్యరా," అంది కొడుకుతో. సంఘ పెద్ద గొణుక్కుంటూనే చెప్పులు విప్పి పడవెక్కాడు. "పడిపోతే పట్టుకోవాలి కదా," అన్నాడు నాతో. నేను చివర కూర్చున్నాను. మామ్మ మధ్యలో, ఒడిలో బంతిపూల దండ, పక్కన బకెట్టు, ప్లాస్టిక్ కవరులో కొవ్వొత్తులు, నాలుగు కొత్త ఇటుకలు. పాతవి కదిలిపోయి ఉంటాయేమోనని, వీటికి సున్నం పూసి నీళ్లలో దించడానికి తెచ్చుకుంది.

కొల్లేట్లో వాళ్లు చేపలకు వెదురు బద్దలతో అల్లిన మావులు పెడతారు. నాలుగు వైపులా నీళ్లు తప్ప ఏమీ లేని చోట మావు పెట్టి, మర్నాడు చీకట్లో వచ్చి సరిగ్గా అదే చోట తీస్తారు. అదెలాగో పడవాయన ఆ ముందు శీతాకాలమే నాకు చూపించాడు. దూరంగా ఒక చెట్టూ, దాని వెనక ఇంకొకటీ ఒకదాన్నొకటి కప్పేసే చోటికి పడవ తేవాలి. అది ఒక గురి. పక్కకు తిరిగి అలాగే ఇంకో జత చూసుకోవాలి. రెండు గురులూ కలిసే చోటే మావు ఉంటుంది. వరదొచ్చిన ఏళ్లలో నాన్న సమాధిని కూడా అలాగే పట్టుకునేవాడినని అతను అన్నాడు. ఒక గురి చర్చి శిఖరం, వెనక తాడిచెట్టు. రెండోది పక్కనున్న చేపల చెరువు గట్టు మీద కాపలా గుడిసె, దాని వెనక మోటారు కరెంటు స్తంభం.

చర్చి, తాడిచెట్టు ఉన్నాయి. గట్టు లేదు. నేను పొక్లెయిన్ల వెనక తిరిగి రాసిన ఆ కొట్టడంలోనే అదీ పోయింది. గుడిసె పోయింది, స్తంభం పోయింది. అటు చూస్తే ఆకాశం దాకా నీళ్లు.

"ఒక గురి ఉంటే ఏ వరసలో ఉందో తెలుస్తుందండీ. ఎంత దూరంలో ఉందో తెలియాలంటే రెండోది ఉండాలి," అన్నాడు పడవాయన. చర్చి శిఖరం తాడిచెట్టును కప్పేసే చోట పడవ నిలిపి, ఆ గీత మీదే ముందుకు నెడుతూ, డెక్కను చీల్చి గెడ దించుతూ పోయాడు. అడుగున గెడ మెత్తగా బురదలో దిగుతోంది. ఇంకాస్త ముందుకు వెళ్లాక టక్కుమంది.

"ఇదేనా?" అంది మామ్మ.

అతను గెడతో తడిమాడు. "సిలువే అమ్మా."

"ఎడం చెయ్యి విరిగి ఉందా? గేదె రాసుకుని విరగ్గొట్టింది కదా."

గెడతో అది తెలియదు. అతను చొక్కా విప్పి నీళ్లలోకి దిగాడు. గొంతు దాకా వచ్చాయి నీళ్లు. డెక్క వేళ్లు మెడకు చుట్టుకుంటుంటే తప్పించుకుంటూ, కాలితో కింద వెతికాడు. "రెండు చేతులూ ఉన్నాయే."

"అయితే కాదు. పద."

మళ్లీ గెడ, మళ్లీ బురద, మళ్లీ రాయి. ఒక చోట సిలువ కాదు, ఉత్త దిమ్మె. ఇంకో చోట సిలువ ఉంది కానీ చిన్నది, పిల్లదెవరిదో. సంఘ పెద్ద, "అది ఫలానావాళ్ల అమ్మాయిది," అని పేరు చెప్పి గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ తర్వాత కొంత దూరం గెడకు ఏమీ తగల్లేదు. అటూ ఇటూ, ఎన్నిసార్లు దించినా బురదే. పడవాయన అక్కడ కూడా దిగి కాళ్లతో వెతికాడు. "ఇక్కడేం లేదు. ఖాళీ. నాన్న ఇంకా లోపలికున్నాడు," అన్నాడు పడవ అంచు పట్టుకుని, వణుకుతూ.

అతను నీళ్లలో ఉండగా మామ్మ నా వైపు తిరిగింది.

"ఏం బాబూ, మీ పేపర్లో రాస్తే ఈ నీళ్లు దిగుతాయా?"

వేళాకోళం అనుకుని ఆవిడ ముఖం చూశాను. వేళాకోళం కాదు. నిజంగానే అడుగుతోంది. సంఘ పెద్ద కూడా నా జవాబు కోసం చూస్తున్నాడు. ఎన్నో ఏళ్లుగా ఆ నీళ్ల గురించి రాసినవాణ్ణి, ఎన్ని అడుగులున్నాయో, ఎక్కడ ఆగాయో రాసినవాణ్ణి.

"రాస్తానండీ," అన్నాను. ఆవిడ అడిగింది అది కాదు.

ఇంకా లోపలికి వెళ్దామంటే డెక్క దట్టమైపోయింది. గెడ దిగడం లేదు, పడవ కదలడం లేదు. పొద్దు వాలుతోంది. గాలి దక్షిణం నుంచి మొదలై, మేము చీల్చుకుంటూ వచ్చిన దారి వెనకాల మూసుకుపోతోంది. చర్చి దగ్గర కొవ్వొత్తులు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. పాట వినిపిస్తోంది.

సంఘ పెద్ద మెత్తగా అన్నాడు. "వదినా, ఎవరి సమాధైతే ఏంటి? అందరూ మనవాళ్లే కదా. ఇక్కడే వెలిగించి వెళ్దాం."

"ఎవరికో పెట్టి, ఆయనకి పెట్టాననుకోనా?"

"ఆయనకేం అభ్యంతరం ఉండదు."

"నాకుంది."

పడవాయన పడవలోకి ఎక్కి, ఒళ్లు తుడుచుకోకుండానే గెడ అందుకున్నాడు. "అమ్మా, చీకటి పడితే దారి దొరకదు," అన్నాడు. చిన్నపిల్లవాడు తప్పు చేసి ఒప్పుకున్నట్టుగా ఉంది ఆ గొంతు. మామ్మ బంతిపూల దండ తీసి నీళ్ల మీద పెట్టబోయి, డెక్క మీద పడుతుందని మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, "సరే పద," అంది.

సున్నం బకెట్టు, ఇటుకలు, కొవ్వొత్తులు, అన్నీ వెనక్కి వచ్చాయి. ఆ సాయంత్రం చర్చి మెట్ల మీద ఆవిడ అందరితో పాటు కూర్చుంది. కొవ్వొత్తి మాత్రం వెలిగించలేదు.

మర్నాడు బస్సులో కిటికీ పక్క సీటు ఆవిడకిచ్చాను. ఏలూరు బస్టాండులో కూతురు చెయ్యి పట్టుకుని దింపుతుంటే వెనక్కి తిరిగి, "నీళ్లు దిగ్గానే ముందు ఇటుకలు చూడమని వాడికి చెప్పండి బాబూ. నేను చెబితే మరిచిపోతాడు," అంది. అదే రోజు ఫోన్ చేసి చెప్పాను. అతను మరిచిపోయేవాడు కాదని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

మిగతాది పడవాయన ఎండాకాలంలో మా ఆఫీసుకు వచ్చి చెప్పినది. ప్రకటనలు ఇచ్చేవాళ్లు కూర్చునే బల్ల మీద ఒక పక్కగా కూర్చుని ఉన్నాడు. నేను వెళ్లేసరికి లేచి నిలబడ్డాడు.

సంక్రాంతి వెళ్లాక సంఘ పెద్ద పోయాడట. పొద్దున్న బాగానే ఉండి, మధ్యాహ్నం భోజనం ముందు కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడట. అప్పటికి సమాధుల తోటలో చర్చి వైపు సగమే తేలింది. తేలిన సగం కూడా గుర్తుపట్టేలా లేదు. కుళ్లిన డెక్క ఒక పొరలా పరుచుకుని, దాని మీద ఒండ్రు పేరుకుని, చిన్న దిమ్మెలన్నీ చదునైపోయాయి. ఎక్కడ తవ్వాలో ఎవరికీ తెలియలేదు. తవ్వితే పాతవాళ్లెవరికైనా తగులుతుందేమోనని భయం. అప్పుడు అందరూ పడవాయన్ని అడిగారు. పండుగనాడు గెడతో అంతా వెతికింది అతనే కదా.

"నేనే చూపించానండీ," అన్నాడు. "ఇక్కడ ఖాళీ, ఆ రోజు గెడకు ఏమీ తగల్లేదు, నేను దిగి కాళ్లతో కూడా చూశాను అని. నాన్న ఇంకా లోపలికి, నీళ్లలో ఉన్నాడనుకున్నాను. తవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను."

ఎండలకు ఆ ఒండ్రు ఎండి, పెచ్చులుగా లేచిపోయింది. అతని బాబాయి, ఆ సంఘ పెద్ద సమాధికి ఆనుకుని, వెల్లకిలా పడి ఉన్న సిలువ బయటపడింది. ఎడం చెయ్యి విరిగి ఉంది. వరద నీళ్లకి మొదలు కదిలి పడిందో, డెక్క బరువుకి పడిందో ఎవరూ చెప్పలేరు. పండుగనాడు మేము వెళ్లేసరికే అది బురదలో పడుకుని ఉంది. నిలబడి ఉన్న సిలువ కోసం వెతికాం కాబట్టి పడుకున్నది తగల్లేదు. అటు కుడి వైపు మామ్మ తోడికోడలు. ఇటు ఎడం వైపు ఇప్పుడు సంఘ పెద్ద. ఇటుకల్లో ఒకటి మాత్రం దొరికిందట, ఆయన సమాధి మట్టిలోనే.

"బాబాయి కొడుకులు మంచోళ్లండీ. ఏం చెయ్యమంటావో చెప్పన్నయ్యా, చేస్తాం అన్నారు. ఏం చెయ్యమంటాను? తియ్యమంటానా?" అన్నాడు. "పాస్టరు గారు కూడా, ఎక్కడైతే ఏంటి, ప్రభువు వచ్చే ఆ దినాన అందరూ కలిసే లేస్తారన్నారు. నిజమేనండీ. అమ్మకి అది చెప్పేదెవరు?"

నన్ను రమ్మని అడగడానికి వచ్చాడు. ఆవిడ నా మాట వింటుందని అతనికి ఎందుకనిపించిందో తెలియదు. పేపర్లో పనిచేసేవాడు ఏదైనా చెప్పగలడనుకున్నాడేమో. ఆ ఆదివారమే ఇద్దరం కామవరపుకోట వెళ్లాం. దారంతా ఎర్ర నేల, జీడిమామిడి తోటలు, పామాయిల్ తోటలు. ఎలా మొదలుపెట్టాలో బస్సులో అనుకున్నాం. ముందు బాబాయి సంగతి ఎత్తాలని అతను, ముందు ఆరోగ్యం అడగాలని నేను.

మామ్మ ఇంటి ముందు వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. దగ్గు తగ్గింది. ఒళ్లు కాస్త వచ్చింది. మమ్మల్ని చూడగానే లేవబోయి, "ఏం బాబూ, ఈ ఊరు కూడా ఊరికే చూసిపోదామనేనా?" అని నవ్వింది. కూతురు టీ ఇచ్చింది. కాసేపు మెట్ట ఊరి మీద ఫిర్యాదులు విన్నాం. ఇక్కడ నీళ్లు ఎక్కడో పాతాళంలో ఉంటాయట. చేపలు ఐసులో పెట్టి తెస్తారట, తోమితే చేతికి వాసన కూడా రాదట.

తర్వాత ఆవిడే అడిగింది. "మరిది పోయాడని తెలిసినప్పుడు రావాలనుకున్నాను, ఇది పంపలేదు. ఎక్కడ పెట్టారురా?"

పడవాయన టీ గ్లాసు కింద పెట్టాడు. నా వైపు చూశాడు.

"నాన్న దగ్గరలోనే అమ్మా," అన్నాడు అతను.

"మంచి పని చేశారు." ఆవిడ కళ్లు ఒత్తుకుంది. "అన్నదమ్ములిద్దరూ కబుర్లు చెప్పుకుంటారు, నేను వచ్చేదాకా. నా ఇటుకలు ఉన్నాయా?"

"ఒకటి దొరికింది."

"కొట్టుకుపోతాయనే అనుకున్నాను. ఇక ఇటుకలు వద్దురా. సిమెంటు పోసెయ్, చుట్టూ గట్టులాగా. మళ్లీ నీళ్లొచ్చినా కదలకుండా ఉంటుంది."

అతను తల వంచుకుని, "అలాగేనమ్మా," అన్నాడు.

ఆవిడకి ఆ జవాబు చాలలేదు. కుర్చీ పక్కనున్న కర్ర తీసుకుని, లేచి, ఆ ఎర్ర నేల మీద గీత గీసింది. ఇంకో గీత. వెనక్కి నాలుగడుగులు నడిచి, తన ఎత్తు చూసుకున్నట్టు తల కాస్త పైకెత్తి, మరో రెండు గీసింది. "ఇంత చాలు నాకు. మరీ పెద్దది కట్టి ఆయన్ని అటు నెట్టెయ్యకు," అంది. ఒక మూల వంకర పోయిందని కాలితో చెరిపి మళ్లీ గీసింది. ఆ పని చేసేటప్పటికి ఆయాసం వచ్చి, అక్కడే నిలబడి దగ్గింది.

పడవాయన గబగబా లేచాడు. మంచినీళ్ల కుండ గీతలకు అవతల, గుమ్మం దగ్గర ఉంది. అతను ఆ నాలుగు గీతల మధ్య కాలు పడకుండా చుట్టూ తిరిగి వెళ్లి, గ్లాసు నింపుకుని, మళ్లీ చుట్టూ తిరిగి వచ్చి, వాళ్లమ్మ చేతికిచ్చాడు.